న్యూరోసైన్స్, మానసిక ఆరోగ్యం: రాబోయే సదస్సులు, శిక్షణల్లో ముందు దేనికి వెళ్లాలి?

ప్రశ్న (పీజీ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నేను మనస్తత్వశాస్త్రంలో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. డిప్రెషన్‌తో బాధపడేవారు లాభనష్టాలు చూసుకుని నిర్ణయం తీసుకునే తీరులో ఏం మార్పు వస్తుందన్నది నా ప్రాజెక్టు. పాల్గొన్నవారు కంప్యూటర్ తెర మీద కనిపించే రెండు బొమ్మల్లో ఒకదాన్ని ఎంచుకుంటారు. దాన్ని బట్టి పాయింట్లు వస్తాయి, లేదా పోతాయి. ఏ బొమ్మ ఎక్కువసార్లు లాభం ఇస్తుందో ఎవరూ చెప్పరు, ఆడుతూ ఆడుతూ వారే కనిపెట్టాలి. డేటా సేకరణ సగానికి పైగా పూర్తయింది కానీ విశ్లేషణ ఇంకా మొదలుపెట్టలేదు.

పీజీ తర్వాత పరిశోధన వైపు వెళ్లాలని ఉంది. మనుషులతో నేరుగా పనిచేసే మానసిక ఆరోగ్య సేవల మీదా అంతే ఇష్టం ఉంది. రాబోయే ఏడాదికి సంబంధించి అంతర్జాతీయ సదస్సులు, సమ్మర్ స్కూళ్లు, వారాంతపు వర్క్‌షాపులు, సర్టిఫికెట్ కోర్సుల ప్రకటనలు వరుసగా వస్తున్నాయి. చదివినప్పుడు ప్రతి ఒక్కటీ నాకు అవసరమే అనిపిస్తోంది. అయితే డబ్బు ఖర్చుపెట్టి వెళ్లడమంటే ఏడాదికి ఒక్కదానికే, అదీ కష్టం మీద. పెద్ద సదస్సుకు వెళ్లి నలుగురినీ కలవడం మేలా, లేక ఎక్కడైనా కూర్చుని పని నేర్చుకోవడం మేలా? కౌన్సెలింగ్, మానసిక ప్రథమ చికిత్స పేరుతో వచ్చే చిన్న కోర్సుల సర్టిఫికెట్లకు నిజంగా విలువ ఉంటుందా? ఈ దారిలో ముందు నడిచినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం 1 (పోస్ట్‌డాక్, మెదడు ఇమేజింగ్)

విశ్లేషణ ఇంకా మొదలు కాలేదన్నారు కాబట్టి, ముందు శిక్షణకే వెళ్లమని నా సలహా. చూపించడానికి మన దగ్గర ఏదైనా ఉన్నప్పుడు సదస్సు ఇచ్చే ప్రయోజనం వేరు, కేవలం శ్రోతగా వెళ్లినప్పుడు ఇచ్చే ప్రయోజనం వేరు. రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

ముందుగా క్యాలెండర్ సంగతి చెబుతాను, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. సదస్సు జరిగే నెల మనకు గుర్తుంటుంది, కానీ అబ్‌స్ట్రాక్ట్ (మన పరిశోధన గురించి రాసే చిన్న సారాంశం) పంపే గడువు అంతకు నాలుగైదు నెలల ముందే, కొన్నిచోట్ల ఇంకా ముందే, ముగిసిపోతుంది. 1969లో ఏర్పడిన సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ వార్షిక సమావేశం ప్రతి ఏటా అక్టోబరులోనో నవంబరులోనో అమెరికాలో జరుగుతుంది. వేలాది మంది హాజరయ్యే ఆ సమావేశానికి అబ్‌స్ట్రాక్టులు వేసవి ఆరంభంలోనే తీసుకుంటారు. యూరప్‌లో న్యూరోసైన్స్ సంఘాల సమాఖ్య నడిపే ఫెన్స్ ఫోరమ్ సరి సంవత్సరాల్లో మాత్రమే వస్తుంది: 2022లో పారిస్, 2024లో వియన్నా, 2026 జూలైలో బార్సిలోనా. దాని అబ్‌స్ట్రాక్టుల గడువు ఆ ఏడాది ఆరంభంలోనే పడుతుంది. మెదడు ఇమేజింగ్ వారి ఓహెచ్‌బీఎమ్ సమావేశం 2026 జూన్‌లో బోర్డోలో ఉంది. దానికి పంపాలంటే అంతకు ముందు సంవత్సరం చివరికే ఫలితాలు ఒక రూపానికి రావాలి. ప్రయాణ గ్రాంట్ల గడువులు తరచుగా వీటితో పాటే ముగుస్తాయి, కొన్ని ఇంకా ముందే ముగుస్తాయి. కాబట్టి ప్రకటన కంటపడగానే సదస్సు తేదీని కాదు, అబ్‌స్ట్రాక్టు గడువును, గ్రాంటు గడువును రాసిపెట్టుకోండి.

మీ విషయానికి దగ్గరగా ఉండేవి మాత్రం వీటికన్నా చిన్నవి. సొసైటీ ఆఫ్ బయలాజికల్ సైకియాట్రీ వార్షిక సమావేశం వసంతకాలంలో ఉత్తర అమెరికాలో జరుగుతుంది. యూరప్‌లో మెదడు మీద, మనసు మీద పనిచేసే మందుల పరిశోధకుల సదస్సు ఈసీఎన్‌పీ కాంగ్రెస్ శరదృతువులో ఉంటుంది. న్యూరోసైన్స్, మానసిక ఆరోగ్యం ఒకే గదిలో కూర్చునేది ఇటువంటి చోటే. మహాసదస్సుల్లో ఈ రెండు వర్గాలవారూ వేర్వేరు హాళ్లలో తిరిగి వెళ్లిపోవడం మామూలే.

పోస్టర్ సెషన్ (పరిశోధనను ఒక పెద్ద కాగితం మీద గోడకు పెట్టి వచ్చినవారికి వివరించే సమయం) ఎలా ఉంటుందో తెలిస్తే శిక్షణ ముందు అని ఎందుకన్నానో అర్థమవుతుంది. సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ సమావేశంలో ఒక పోస్టరు నాలుగు గంటల పాటు గోడకు ఉంటుంది. అందులో ఒక గంట మీరు దాని పక్కనే నిలబడి ఉండాలి. వచ్చినవారు ముందు శీర్షిక చదివి, తర్వాత నేరుగా గ్రాఫు దగ్గరికి వచ్చి, 'ఈ ఎర్రర్ బార్లు (గ్రాఫులో అనిశ్చితిని చూపే గీతలు) దేనివి? ఎంతమందిని విశ్లేషణ నుంచి తీసేశారు, ఎందుకు తీసేశారు? ఒక్కొక్కరి డేటా విడిగా చూశారా?' అని అడుగుతారు. ఈ మూడింటికీ తడబడకుండా సమాధానం చెప్పగలిగితే మీ రంగంలో పేరున్నవారు కూడా అక్కడే ఆగి పది నిమిషాలు మాట్లాడతారు. చెప్పలేకపోతే మర్యాదగా నవ్వి పక్క పోస్టరుకు వెళ్తారు. ఆ సమాధానాలు సదస్సులో దొరికేవి కావు, అంతకు ముందు చేసిన విశ్లేషణలో దొరికేవి.

2009లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఓహెచ్‌బీఎమ్ సమావేశంలో ఒక పోస్టరు ఇందుకు మంచి ఉదాహరణ. క్రెయిగ్ బెనెట్ బృందం చనిపోయిన ఒక సాల్మన్ చేపను ఎంఆర్‌ఐ స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫోటోలు చూపిస్తున్నట్టుగా ప్రయోగం నడిపించింది. వేలకొద్దీ వాక్సెళ్లను (స్కాన్ చిత్రంలోని చిన్న చిన్న ఘనాలను) విడివిడిగా పరీక్షించినప్పుడు చేయవలసిన గణాంక సవరణ చేయకపోతే ఆ చేప మెదడులో కూడా 'చురుకుదనం' కనిపించింది. సవరణ చేయగానే అది మాయమైంది. ఆ ఒక్క పోస్టరు తర్వాత ఎందరో పరిశోధకులు తమ పద్ధతులను మళ్లీ సరిచూసుకున్నారు. 2012లో దానికి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. పద్ధతి మీద పట్టు ఉంటే ఒక చిన్న పోస్టరు కూడా ఎంత దూరం వెళ్తుందో చూడండి.

ఇక శిక్షణ. మీ ప్రాజెక్టుకు రెండు సూటిగా సరిపోతాయి. మొదటిది న్యూరోమ్యాచ్ అకాడమీ. 2020లో మొదలైన ఈ ఆన్‌లైన్ వేసవి పాఠశాల సాధారణంగా జూలైలో జరుగుతుంది. అభ్యర్థులను చిన్న బృందాలుగా చేసి ఒక్కో బృందానికి ఒక్కో టీచింగ్ అసిస్టెంటును ఇస్తారు. రుసుమును మీరు ఉండే దేశపు ఆర్థిక స్థితిని బట్టి తగ్గిస్తారు, కట్టలేనివారికి మినహాయింపు అడిగే వీలూ ఉంది. అందులోని కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ (మెదడు పనితీరును గణిత మోడళ్లతో అర్థం చేసుకునే శాస్త్రం) కోర్సు మొదటి రోజునే ఎలుకల మెదడు నుంచి నమోదు చేసిన నిజమైన స్పైకుల (నాడీకణాల విద్యుత్ సంకేతాల) డేటాను మీ చేతికి ఇచ్చి, 'ఇందులో ఏముంది, ఇది ఎలా వచ్చింది, ఎందుకు ఇలా ఉంది' అన్న మూడు రకాల ప్రశ్నలకు మూడు రకాల మోడళ్లు కట్టిస్తారు. పాఠ్యసామగ్రి అంతా ఉచితంగా బయట ఉంది కాబట్టి ఎంపిక కాకపోయినా చదువుకోవచ్చు. అయితే బృందంతో కలిసి చేస్తే వచ్చే పట్టు వేరు.

రెండోది జ్యూరిక్‌లో ప్రతి సెప్టెంబరులో జరిగే కంప్యుటేషనల్ సైకియాట్రీ కోర్సు, అంటే మానసిక రుగ్మతలను గణిత మోడళ్లతో అర్థం చేసుకోవడం నేర్పేది. మీ పనికి ఇంతకన్నా దగ్గరి కోర్సు నాకు తెలిసి లేదు. గత సంవత్సరాల ఉపన్యాసాలు యూట్యూబులో ఉన్నాయి, ముందు అవి చూసి మీ స్థాయికి తగినదో కాదో తేల్చుకోండి.

ప్రయోగశాల పనే నేర్చుకోవాలంటే బోర్డో, లిస్బన్ నగరాల్లో నడిచే కహాల్ శిక్షణ కార్యక్రమం ఉంది, కానీ అది ఇప్పటికే పీహెచ్‌డీలో ఉన్నవారికి ఎక్కువ ఉపయోగం. 1961 నుంచి ఉన్న అంతర్జాతీయ మెదడు పరిశోధన సంస్థ ఐబ్రో వివిధ ఖండాల్లో యువ పరిశోధకుల కోసం స్కూళ్లు నడుపుతుంది, ప్రయాణ గ్రాంట్లూ ఇస్తుంది. దాని ప్రకటనల మీద ఒక కన్నేసి ఉంచండి.

సమాధానం 2 (మానసిక ఆరోగ్య శిక్షకురాలు)

పై సమాధానం పరిశోధన వైపు బాగా చెప్పింది. సేవల వైపు శిక్షణ గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఇక్కడ తప్పు శిక్షణ తీసుకుంటే నష్టపోయేది మనం మాత్రమే కాదు. మన ముందు కూర్చుని తన బాధ చెప్పుకునే మనిషి కూడా నష్టపోతారు.

సర్టిఫికెట్ కోర్సులను రెండుగా విడదీసి చూడాలి. మొదటి రకం అవగాహన పెంచేవి. 2000లో ఆస్ట్రేలియాలో మొదలై అనేక దేశాలకు పాకిన మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ అటువంటిది. ఎదుటి వ్యక్తి ఇబ్బందిలో ఉన్నారని గుర్తించడం, తీర్పు చెప్పకుండా వినడం, వృత్తి నిపుణుల దగ్గరికి చేరేలా తోడ్పడటం వరకు అది నేర్పుతుంది. రోగనిర్ధారణ చేయడం, థెరపీ ఇవ్వడం అది నేర్పదు, నేర్పుతానని చెప్పదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్వాలిటీరైట్స్ ఆన్‌లైన్ శిక్షణ కూడా ఈ కోవలోనిదే. మానసిక ఆరోగ్య సేవల్లో హక్కులు, సమ్మతి, బలవంతం లేని వైద్యం గురించి అది చెబుతుంది. ఉచితం కూడా. మీరు పరిశోధన వైపే వెళ్లినా సరే దాన్ని పూర్తి చేయమని గట్టిగా చెబుతాను. డిప్రెషన్ ఉన్నవారి నుంచి డేటా తీసుకుంటున్నారు కదా, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకోవడానికీ నిజంగా సమ్మతి పొందడానికీ మధ్య ఉన్న దూరం అక్కడ అర్థమవుతుంది.

రెండో రకం పని చేయడానికి తయారు చేసేవి. వీటిలో తరగతి గది చిన్న భాగం, పర్యవేక్షణలో చేసే సాధన పెద్ద భాగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో మొదలుపెట్టిన ఎంహెచ్‌గ్యాప్ కార్యక్రమం మానసిక వైద్య నిపుణులు కాని వైద్యులకు, నర్సులకు, ఇతర ఆరోగ్య సిబ్బందికి డిప్రెషన్, సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి), మూర్ఛ, డిమెన్షియా వంటివాటిని గుర్తించి చూసుకోవడం నేర్పుతుంది. అది ఆరోగ్య వ్యవస్థలో ఇప్పటికే పనిచేస్తున్నవారి కోసం ఉద్దేశించినది కాబట్టి విద్యార్థిగా మీకు నేరుగా పనికిరాదు, అయితే దాని మార్గదర్శిని చదివితే ఏ లక్షణానికి ఏ ప్రశ్న అడగాలో ఒక క్రమం తెలుస్తుంది. ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనేది అయిదు సెషన్ల కార్యక్రమం. ఒత్తిడిని అదుపు చేసుకోవడం, సమస్యలను పరిష్కరించుకోవడం, ఆగిపోయిన పనులను మళ్లీ మొదలుపెట్టడం, తోడు నిలిచేవారిని దగ్గర చేసుకోవడం అందులో ఉంటాయి. పెషావర్‌లో 346 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. నిపుణులు కాని సహాయకులు దీన్ని అందించినప్పుడు ఆందోళన, డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. ఆ సహాయకులు శిక్షణ పొంది, పర్యవేక్షణలో పనిచేసినవారు అన్న సంగతిని మాత్రం ఆ ఫలితాన్ని ఉటంకించేవారు తరచుగా వదిలేస్తారు.

శిక్షణ మంచిదో కాదో తెలుసుకోవడానికి నేను చూసేది ఒక్కటే: నేర్చుకున్నవారిని ఎలా పరీక్షిస్తారు? బహుళైచ్ఛిక ప్రశ్నలతో ముగిసేది అవగాహన కోర్సు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తయారు చేసిన ఈక్విప్ వేదికలో పద్ధతి చూడండి. నటుడో తోటి అభ్యర్థో బాధితుడి పాత్రలో కూర్చుంటారు. మాటల మధ్యలో, 'ఇక ఎవరికీ భారం కాకూడదనుకుంటున్నాను' అన్న వాక్యం ఒకటి దొర్లుతుంది. అభ్యర్థి అక్కడ ఏం చేస్తారన్నదే పరీక్ష. మాట మార్చేసినా, 'అలా అనకూడదు, నీకేం తక్కువ' అని మందలించినా అది హాని చేసే ప్రవర్తన కింద నమోదవుతుంది. ఆగి, నెమ్మదిగా, 'చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?' అని సూటిగా అడిగి, సమాధానాన్ని తొణకకుండా విని, తర్వాత ఏం చేయాలో చెప్పగలిగితే నైపుణ్యం ఉన్నట్టు. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందన్న భయం సరైనది కాదు. అడగకపోవడమే ప్రమాదం. ఇటువంటి రోల్‌ప్లేలు, వాటి మీద శిక్షకుల అభిప్రాయం, ఆ తర్వాత నెలల తరబడి పర్యవేక్షణ ఉన్న శిక్షణకు ఖర్చుపెట్టిన డబ్బు వృథా కాదు.

రెండు రోజుల్లో 'సర్టిఫైడ్ థెరపిస్టు'ను చేస్తామనే ప్రకటన కనిపిస్తే పక్కన పెట్టేయండి. థెరపీ చేసే అర్హతను చాలా దేశాల్లో అక్కడి చట్టం, అక్కడి లైసెన్సింగ్ వ్యవస్థ నిర్ణయిస్తాయి. ఏ వర్క్‌షాపు సర్టిఫికెటూ దానికి బదులు కాదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. క్వాలిటీరైట్స్ ఈ వారమే మొదలుపెడతాను. మరో రెండు సందేహాలు. నాకు ప్రోగ్రామింగ్ అంతగా రాదు. గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో మెనూలు నొక్కి చేసిన విశ్లేషణలే అలవాటు. ఈ స్థితిలో న్యూరోమ్యాచ్‌కు దరఖాస్తు చేయవచ్చా? రెండోది, న్యూరోసైన్స్, సైకియాట్రీ ప్రపంచ సదస్సు పేరుతో నాకు ఒక ఆహ్వానం వచ్చింది. నా 'విశిష్ట కృషి'ని గుర్తించి వక్తగా పిలుస్తున్నామని, రిజిస్ట్రేషన్ రుసుము ముందుగా కడితే రాయితీ ఇస్తామని రాశారు. నేను ఇంతవరకు ఏమీ ప్రచురించలేదు. ఇది నమ్మదగినదేనా?

సమాధానం 3 (సదస్సుల సమీక్షక మండళ్లలో పనిచేసినవారు)

కట్టవద్దు. ఏమీ ప్రచురించని విద్యార్థిని విశిష్ట కృషి పేరుతో వక్తగా పిలిచి, ఆమె దగ్గరే రుసుము అడిగే సదస్సులో నిజమైన సమీక్ష ఉండదు. ఇటువంటివి ఈ రెండు రంగాల్లో చాలా ఎక్కువ. కొత్తవారికి గుర్తింపు మీద ఉండే సహజమైన ఆశే వాటికి పెట్టుబడి. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇది చట్టం దాకా వెళ్లిన సమస్య. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక పెద్ద ప్రచురణ, సదస్సుల సంస్థ మీద 2016లో దావా వేసింది. ఒప్పుకోని ప్రముఖ శాస్త్రవేత్తల పేర్లను సదస్సుల ప్రచారంలో వాడుకున్నారన్నది ఆ ఆరోపణల్లో ఒకటి. 2019లో న్యాయస్థానం ఆ సంస్థను 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది.

మీరు స్వయంగా సరిచూసుకోగల మార్గాలు ఉన్నాయి. నిర్వహించేది పేరున్న శాస్త్రీయ సంఘమా, లేక ఒకే చిరునామా నుంచి గుండె జబ్బులకూ నానో టెక్నాలజీకీ దంత వైద్యానికీ ఒకేసారి సదస్సులు ప్రకటించే సంస్థా అన్నది ముందు చూడండి. సలహా మండలిలో పేరున్న ఒకరిద్దరికి వారి విశ్వవిద్యాలయం పేజీలో ఉన్న ఈమెయిల్‌కు రాసి, 'మీరు నిజంగా ఇందులో ఉన్నారా?' అని అడగండి. చాలామంది ఒక్క వాక్యంలోనైనా జవాబిస్తారు. గత సంవత్సరపు కార్యక్రమ పట్టిక దొరుకుతుందేమో వెతకండి. నిజమైన సదస్సులో ఏ గదిలో, ఏ సమయానికి, ఎవరు, ఏ అంశం మీద మాట్లాడారన్నది వివరంగా ఉంటుంది. అబ్‌స్ట్రాక్టు పంపిన కొద్ది గంటల్లోనే అంగీకార పత్రం వస్తే, దాన్ని ఎవరూ చదవలేదని అర్థం. పరిశోధకుల కోసం 'థింక్, చెక్, అటెండ్' అనే పరిశీలనా పట్టిక కూడా ఆన్‌లైన్‌లో ఉంది. అనుమానం వచ్చినప్పుడు దాన్ని ఎదురుగా పెట్టుకుని చూడండి.

ఇవన్నీ చేశాక కూడా తేలకపోతే మీ గైడ్‌ను, ఆ రంగంలో పనిచేసే మరొకరిని అడగండి. మంచి సదస్సు గురించి ఆ రంగంలో ఎవరో ఒకరికి తప్పకుండా తెలిసి ఉంటుంది.

సమాధానం 4 (పోస్ట్‌డాక్, మెదడు ఇమేజింగ్)

ప్రోగ్రామింగ్ సంగతికి వస్తే, ఇప్పుడున్న స్థితిలో నేరుగా కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ కోర్సులో దిగితే మొదటి వారమే ఊపిరాడదు. పైథాన్ ప్రాథమికాంశాలు, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత వచ్చి ఉండాలని వారు ముందే చెబుతారు, వాటి సన్నాహక పాఠాలు కూడా వారి సైట్‌లోనే ఉన్నాయి. రోజూ కొంత సమయం కేటాయించి ముందు అవి పూర్తి చేయండి. దానితో పాటు వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాజేశ్ రావు, ఏడ్రియన్ ఫెయిర్‌హాల్ చెప్పిన కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ పాఠాలు కోర్సెరాలో ఉన్నాయి. నాడీవ్యవస్థ నిర్మాణం మీద పట్టు తక్కువనిపిస్తే డ్యూక్ విశ్వవిద్యాలయం వారి మెడికల్ న్యూరోసైన్స్ కోర్సు చూడండి. చాలా వివరంగా ఉంటుంది, తొందరపడి ముగించేది కాదు.

మీ డేటాతోనే నేర్చుకోవడం అన్నిటికన్నా మేలు. మీరు వివరించిన బొమ్మల ఆటకు 1972 నాటి రెస్కోర్లా, వాగ్నర్ల మోడల్ చక్కగా సరిపోతుంది. వచ్చిన ఫలితానికీ ఊహించిన ఫలితానికీ మధ్య తేడాను తీసుకుని, దానిలో కొంత భాగం మేరకు తర్వాతి ఊహను సవరించుకోవడమే అందులోని సారం. ఆ భాగాన్నే లెర్నింగ్ రేట్ అంటారు. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలు ఇటువంటి తేడానే సూచిస్తున్నాయని షుల్ట్జ్, డయాన్, మాంటేగ్ 1997లో చూపించిన తర్వాతే మనోవైద్యంలోకి ఈ దారి గట్టిగా తెరుచుకుంది. మీ దగ్గర స్కానర్ లేకపోయినా మీ ప్రశ్న న్యూరోసైన్స్ ప్రశ్నే అనడానికి కారణం అదే.

అసలు డేటాను ముట్టుకోకముందే ఒక పని చేయండి. మీకు తెలిసిన లెర్నింగ్ రేట్లతో కొందరు కల్పిత ఆటగాళ్లను కంప్యూటర్‌లో ఆడించి, ఆ కల్పిత డేటాకు మోడల్‌ను అమర్చి, మీరు పెట్టిన విలువలే తిరిగి వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే ట్రయల్స్ (ఒక్కొక్కరు బొమ్మను ఎంచుకునే సార్లు) సంఖ్య చాలడం లేదనో, మోడల్‌లో లోపం ఉందనో తెలుస్తుంది. డేటా సేకరణ ఇంకా మిగిలి ఉంది కాబట్టి ఆ సంగతి ఇప్పుడు తెలియడం మీకు మంచిది, అయితే మధ్యలో టాస్కు మార్చాల్సి వస్తే గైడ్‌తోనూ నైతిక కమిటీతోనూ ముందు మాట్లాడండి. మోడళ్లు అమర్చడానికి హెచ్‌బేయస్‌డీఎమ్ అనే ఉచిత ప్యాకేజీ ఉంది, మీ టాస్కుకు దగ్గరివి అందులో ఇప్పటికే ఉన్నాయి.

ఆ పని అయ్యాక న్యూరోమ్యాచ్‌కో జ్యూరిక్ కోర్సుకో దరఖాస్తు రాస్తే, 'నా మోడల్ ఇక్కడ ఆగిపోయింది, ఇది నేర్చుకోవాలి' అని ఖచ్చితంగా చెప్పగలుగుతారు. 'ఈ రంగంపై అమితాసక్తి ఉంది' అని రాసిన దరఖాస్తుల మధ్య అది వెంటనే కంటపడుతుంది. సదస్సుకు అబ్‌స్ట్రాక్టు రాసే రోజు వచ్చినప్పుడు, పాల్గొన్నవారి వివరాలేవీ లేకుండా, చిత్తుప్రతిని ఇక్కడ పెట్టండి. తప్పకుండా చదివి నా అభిప్రాయం రాస్తాను.